ఏదో తేడాగా ఉంది!

మా ఇంట్లో భోజనాల దగ్గర ఇరవై రెండేళ్ళుగా నేను వింటున్న విమర్శ ఒకటుంది. మావారు పులుసన్నం కలుపుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, “ఏదో తేడాగా ఉంది” అంటారు. అంతే. ఉప్పెక్కువైందా, పులుపు తక్కువైందా, పోపు మాడిందా అంటే చెప్పరు. “ఏమో, ఏదో తేడా” అంటారు. ఆ తేడా ఏమిటో వెతుక్కునే పూచీ వండినదానిదే!

మా అత్తగారు అలా కాదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ మావారికంటే ఎక్కువే తప్పులు పట్టేవారు. కాని, “చింతపండు పాతదిలా ఉందే అమ్మాయ్, పులుసు నల్లబడింది. చిన్న బెల్లంముక్క వేసి ఇంకో పొంగు రానియ్యి” అనేవారు. ఇద్దరూ పట్టింది తప్పే. ఆవిడ మాట విన్నాక వంటింట్లోకెళ్ళి ఏం చెయ్యాలో తెలిసేది. ఈయన మాట విన్నాక వంటింట్లో నిలబడి ఏడవాలనిపించేది.

ఈ పులుసుకీ, ఈవారం నేను సమీక్షించబోయే పుస్తకానికీ సంబంధం ఉంది. కాస్త ఓపిక పట్టండి.

ఆ పుస్తకం అచ్చయింది కాదు. మా ఆడపడుచు సుభద్ర నోటుబుక్కు. రెండువందల పేజీల రూళ్ళ పుస్తకం. అట్ట మీద వాళ్ళమ్మాయి పేరూ, సెక్షనూ కొట్టేసి, “ఎస్‌క్యూఎల్ - తప్పులు” అని రాసి ఉంది.

సుభద్రకి ఇంకా నలభై నిండలేదు. బీకాం ఫస్టుక్లాసు. పెళ్ళయ్యాక పదహారేళ్ళుగా ఇల్లే లోకం. క్రిందటేడు వాళ్ళాయన పనిచేసే కంపెనీ మూతపడింది. అమ్మాయి ఇంటర్‌లో ఉంది. ఇక తప్పదనుకుని సుభద్ర రెండు గాజులు తాకట్టుపెట్టి, అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల డేటాబేస్ కోర్సులో చేరింది. అమీర్‌పేట సంగతి మీకు తెలియందేముంది? ఒక్కో మేడకి పది బోర్డులు, ఒక్కో బోర్డు మీద ఇరవై కోర్సులు. క్లాసులో అందరూ ఇరవై రెండేళ్ళ పిల్లలు. ఈవిడ వాళ్ళకి పిన్నిలా ఉంటుంది.

రెండో నెలలో ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, “మానేస్తున్నాను వదినా. నాకు బుర్ర లేదు” అంది.

“ఎవరన్నారు?” అన్నాను.

“ఎవరూ అనలేదు. కంప్యూటరే చెబుతోంది, రోజూ” అంటూ ఆ నోటుబుక్కు నా ఒళ్ళో పెట్టింది.

ప్రతి పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు కంప్యూటర్ చెప్పిన ఎర్రర్ మెసేజ్, అక్షరం పొల్లుపోకుండా. కుడివైపు దానికి కారణం. నలభై ఏడు మెసేజ్‌లు లెక్కపెట్టాను. నలభై ఏడింటికీ కుడివైపు ఒకే కారణం రాసుకుంది: “నా తప్పు.”

ఆ రాత్రి ఆ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను. నేను బి.ఏ. చదివినదాన్ని. నవల టైపు చేసుకోవడం తప్ప కంప్యూటర్‌తో నాకు వేరే స్నేహం లేదు. అర్థంకాని చోటల్లా బెంగుళూరులో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేసి విసిగించాను. కాని వాక్యాల సంగతి నాకు కొంత తెలుసు. ఒక వాక్యం, తనను చదవబోయే మనిషిని తలుచుకుని రాసిందా, తలుచుకోకుండా రాసిందా అన్నది ఇన్నేళ్ళు రాశాక కాస్త పట్టుకోగలను. అంచేత ఇది సాంకేతిక వ్యాసం అనుకోకండి. సాహిత్య విమర్శే.

డేటాబేస్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కంగారుపడక్కర్లేదు. మా కాలనీ మహిళామండలి లైబ్రరీ తీసుకోండి. మాకు మూడు రిజిస్టర్లున్నాయి. ఒకదాంట్లో పుస్తకాలు, ఒకదాంట్లో సభ్యులు, మూడోదాంట్లో ఎవరు ఏ పుస్తకం ఎప్పుడు పట్టికెళ్ళారన్నది. ఒక్కో రిజిస్టరూ ఒక టేబుల్. దాంట్లో నిలువు గళ్ళు కాలమ్‌లు, అడ్డంగా ఉండేవి వరసలు. ఈ మూడింటినీ బీరువాలో పెట్టి ఒక గుమాస్తాని కాపలా కూర్చోబెడితే అదే డేటాబేస్. ఈ గుమాస్తాకి జ్ఞాపకశక్తి అపారం, లోకజ్ఞానం సున్న. ఆయనతో మాట్లాడవలసిన భాష పేరు ఎస్‌క్యూఎల్.

ఈ భాష పుట్టిన కథ తెలిసి ఆశ్చర్యపోయాను. 1970లో ఐబీఎమ్ కంపెనీలో పనిచేసే ఎడ్గర్ కాడ్ అనే ఆయన, ఎంత పెద్ద సమాచారాన్నయినా ఇలా పట్టికలుగా పెట్టుకోవచ్చని ఒక వ్యాసం రాశాడు. అది గణితం చదివినవాళ్ళకే కొరుకుడు పడేలా ఉండేది. 1974లో అదే కంపెనీకి చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే ఇద్దరు దాన్ని మామూలు ఇంగ్లీషు వాక్యంలాంటి భాషగా మార్చారు. అప్పట్లో దాని పేరు సీక్వెల్. ఎవరికోసం మార్చారో తెలుసా? కంప్యూటర్ నిపుణులు కాకపోయినా నేర్చుకుందామన్న ఆసక్తి ఉన్నవాళ్ళ కోసం. అకౌంటెంట్లలాంటి వాళ్ళ కోసమని వాళ్ళే రాసుకున్నారు. అంటే అచ్చంగా మా బీకాం సుభద్ర కోసమేనన్నమాట!

మరి యాభై ఏళ్ళ తర్వాత సుభద్ర ఎందుకు ఏడవాల్సివచ్చింది? ఆ నోటుబుక్కు చదివితే నాకు తోచింది ఒకటే. అడిగే భాషని సామాన్యుల కోసం తయారుచేశారు. జవాబు చెప్పే భాషని మాత్రం గుమాస్తాలు గుమాస్తాల కోసమే రాసుకున్నారు.

మొదటి పేజీ చూడండి. సుభద్ర క్లాసులో అభ్యాసానికి మా లైబ్రరీ రిజిస్టర్లనే ఎక్కించుకుంది. లక్ష్మి అనే సభ్యురాలి వివరాలు చూపించమని గుమాస్తాని అడిగింది. ఆయన జవాబు: “లక్ష్మి అనే కాలమ్ లేదు.”

పాపం, సుభద్ర ఏం చేసిందో తెలుసా? లక్ష్మి పేరు రిజిస్టర్లో ఎక్కించడం మరిచిపోయాననుకుంది. వెళ్ళి చూస్తే ఉంది. పేరులో అక్షరం తప్పు పడిందేమోనని తుడిచి మళ్ళీ రాసింది. మళ్ళీ అడిగింది. “లక్ష్మి అనే కాలమ్ లేదు.” గంటన్నర పోయింది. ఎదురుగా లక్ష్మి కనిపిస్తూనే ఉంది, గుమాస్తా లేదంటున్నాడు.

అసలు సంగతేమిటంటే, ఈ భాషలో మనిషి పేరో ఊరి పేరో చెప్పేటప్పుడు ఒంటి కోట్స్ పెట్టాలి. జంట కోట్స్ పెడితే అది కాలమ్ పేరని అర్థం. సుభద్ర స్కూల్లో ఇంగ్లీషు మేష్టారు నేర్పినట్టు శ్రద్ధగా జంట కోట్స్ పెట్టింది. గుమాస్తా లక్ష్మిని కాలమ్ అనుకున్నాడు, వెతికాడు, లేదన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు సుమండీ! అక్షరాలా నిజమే చెప్పాడు. కాని ఆ నిజం ఎదుటి మనిషికి గడ్డిపరకంత ఉపయోగపడలేదు.

అదే గుమాస్తా ఇలా అన్నాడనుకోండి: “మీరు జంట కోట్స్‌లో పెట్టారు కాబట్టి లక్ష్మి అనేది కాలమ్ పేరనుకున్నాను. అలాంటి కాలమ్ లేదు. మనిషి పేరైతే ఒంటి కోట్స్‌లో పెట్టండి.” ఎంత తేడా! గంటన్నర అరనిమిషమయ్యేది. అంతకంటే ముఖ్యం, సుభద్ర కుడివైపు గడిలో “నా తప్పు” అని రాసుకునేది కాదు. “ఓహో, ఈయన అలా అనుకున్నాడా” అని రాసుకునేది.

ఇదే నా విమర్శకి మూలసూత్రం. మంచి ఎర్రర్ మెసేజ్ “లేదు”, “కాదు”, “తప్పు” అనడంతో ఆగదు. “నాకిలా అర్థమైంది” అని చెబుతుంది. ఇద్దరి మధ్య మాట తేడా వచ్చినప్పుడు సగం తగాదాలు ఆ ఒక్క మాటతోనే తీరిపోతాయి. కాపురాల్లోనైనా అంతే కదూ?

ఇక నాలుగో పేజీకి రండి. కొత్త సభ్యురాలి పేరు చేరుస్తూ సుభద్ర ఒక కుండలీకరణం మూయడం మరిచిపోయింది. ఈసారి గుమాస్తా, “మీ వాక్యనిర్మాణంలో తప్పుంది, మాన్యువల్ చూసుకోండి, మొదటి లైనులో దీని దగ్గర” అని చెప్పి, రెండు కోట్స్ పెట్టి, మధ్యలో ఏమీ రాయలేదు. ఖాళీ! దేని దగ్గర? శూన్యం దగ్గర. వేదాంతంలా లేదూ?

దీనికి అర్థం మా మేనల్లుడు చెప్పాడు. “అత్తా, అది ఎడమనుంచి కుడికి ఒక్కో మాటా చదువుకుంటూ పోతుంది. వాక్యం చివరిదాకా వచ్చేసింది, మూయడం కనిపించలేదు. చివర ఇంకేమీ లేదుగా, అందుకే ఖాళీ చూపించింది” అన్నాడు. ఇంకో పేజీలో మాటకీ మాటకీ మధ్య కామా మరిచిపోతే, కామా ఉండవలసిన చోటు చూపించకుండా ఆ తర్వాతి మాటని చూపించింది. సుభద్ర ఆ తర్వాతి మాటని పదిసార్లు మార్చి మార్చి రాసింది. అందులో ఏ దోషమూ లేదు మరి.

మీలో కుట్టుమిషన్ తొక్కేవాళ్ళకి ఈ రహస్యం చప్పున తెలుస్తుంది. దారం తెగేది సూది దగ్గర. తప్పు ఒక్కోసారి కింద బాబిన్‌లో ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు సూది మారుస్తారు, పైదారం మారుస్తారు, మిషన్ని తిట్టుకుంటారు. నేర్పేవాళ్ళు ఒక్కమాట ముందే చెప్పాలి: “తెగిన చోట కాదమ్మా, దానికి ముందు చూడు.” డేటాబేస్ తాను తూలిన చోటు చూపిస్తుంది గాని, మనం తప్పటడుగు వేసిన చోటు కాదు. ఆ సంగతి మెసేజ్‌లోనే ఒక ముక్క చెబితే ఏం పోయింది? “ఇక్కడ ఆగిపోయాను, దీనికి ముందు ఏదైనా మరిచిపోయారేమో చూడండి” అంటే సరిపోదూ?

పదకొండో పేజీ నుంచి పదమూడో పేజీ దాకా ఒకే మెసేజ్ తొమ్మిదిసార్లు రాసి ఉంది. మొదట ఏదో చిన్న తప్పు జరిగింది. ఆ తర్వాత సుభద్ర ఏమడిగినా, సరిగ్గా అడిగినా సరే, ఒకటే జవాబు: “ప్రస్తుత లావాదేవీ రద్దయింది. ఇది ముగిసేవరకు ఏ ఆజ్ఞనూ పట్టించుకోము.” అచ్చం అలకపాన్పే! సత్యభామయినా ఏదో ఒకటి అనేది, ఈయన అదీ లేదు.

ఆ అలకకి కారణం మాత్రం మంచిదే. బ్యాంకులో మీ ఖాతాలోంచి వెయ్యి రూపాయలు తీసి అమ్మాయి ఖాతాలో వెయ్యాలనుకోండి. తీయడం జరిగి, వెయ్యడం దగ్గర తప్పొస్తే? మీ డబ్బు గాలిలో ఉంటుంది. అంచేత ఇలాంటి పనుల మూటని లావాదేవీ అంటారు. జరిగితే మొత్తం జరగాలి, లేకపోతే మొదటికి రావాలి. మధ్యలో తప్పు జరిగితే గుమాస్తా అక్కడే ఆగిపోతాడు. “రోల్‌బ్యాక్” అని ఒక్క మాట చెబితే అన్నీ మొదటికి తెచ్చి మళ్ళీ మామూలుగా మాట్లాడతాడు. ఎంత బుద్ధిగల ఏర్పాటు! కాని చూడండి, ఆ ఒక్క మాట మెసేజ్‌లో లేదు. అలక తీర్చే మంత్రం ఉంది, చెప్పలేదంతే. సుభద్ర తొమ్మిదిసార్లు అడిగి, చివరికి కంప్యూటర్ ఆపేసి ఇంటికొచ్చేసింది.

నోటుబుక్కులో నాకు భలే నచ్చినదీ ఒకటుంది. పార్వతిగారికి పుస్తకం ఇచ్చినట్టు మూడో రిజిస్టర్లో రాయబోతే, “పిల్ల వరసను చేర్చలేను” అన్నాడట గుమాస్తా. తీరా చూస్తే సభ్యుల రిజిస్టర్లో పార్వతిగారి పేరే లేదు. సభ్యత్వం లేకుండా పుస్తకమేమిటని ఆయన అభ్యంతరం. సభ్యుల రిజిస్టర్లోది తల్లి వరస, దాన్ని ఆధారం చేసుకున్నది పిల్ల వరస. తల్లి లేకుండా పిల్ల ఎక్కడినుంచి వస్తుంది? మన తెలుగులో అయితే “వరస కలవలేదు” అంటే చాలు, అర్థమైపోతుంది! కాని ఇంగ్లీషులో అది ‘ఫారిన్ కీ’ అట. సుభద్ర దాన్ని “విదేశీ తాళంచెవి?” అని రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, తర్వాత అదీ కొట్టేసి, “నా తప్పు” అని రాసింది.

ఇంకో పేజీలో పాస్‌వర్డు తప్పు కొడితే వచ్చిన మాట ‘ఫేటల్’. అంటే ప్రాణాంతకమని! ఆ గుమాస్తాల పరిభాషలో దానికర్థం ఈ పూటకి మీతో సంభాషణ తెగిపోయింది అని మాత్రమేనట. కాని కొత్తగా వచ్చిన మనిషికి ఆ సంగతెవరు చెప్పాలి? పాస్‌వర్డులో ఒక్క అక్షరం జారితే ప్రాణాంతకమా? ఈ మాటల మీద నాకంటే చాలా ముందే కోప్పడినవారున్నారు. బెన్ ష్నైడర్‌మన్ అనే అమెరికన్ ప్రొఫెసరు 1982లోనే కంప్యూటర్ సందేశాల గురించి వ్యాసం రాసి, నిందించే మాటలూ భయపెట్టే మాటలూ మానుకొమ్మనీ, సంగతేమిటో విడమర్చి, ఇప్పుడేం చెయ్యాలో చెప్పమనీ బోధించాడు. నలభై ఏళ్ళు దాటింది.

నా చిన్నప్పుడు దూరదర్శన్లో ఆదివారం సినిమా మధ్యలో బొమ్మ ఆగిపోయేది. ఇల్లంతా ఉసూరుమనేది. అప్పుడు తెర మీద ఒక పలక వచ్చేది: “అంతరాయానికి చింతిస్తున్నాము.” దాంట్లో గొప్ప సమాచారమేమీ లేదు. కాని ఒక్క సంగతి తెలిసేది: పోయింది మా టీవీ కాదు, మా యాంటెన్నా కాదు, తప్పు వాళ్ళది. మా నాన్నగారు మేడెక్కకుండా కుర్చీలో కూర్చునేవారు. తప్పెవరిదో ముందే చెప్పేస్తే సగం మనశ్శాంతి.

ఇంతకీ ఈ మెసేజ్‌లు ఆకాశంనుంచి ఊడిపడినవి కావు. ఎవరో ఒక మనిషి ఏదో ఒక రోజు కూర్చుని రాసిన వాక్యాలు. తలుచుకుంటే తిరగరాయొచ్చు. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ సంగతి వినండి. గడిలో పట్టనంత పొడుగు మాట ఎక్కించబోతే అది ఏళ్ళ తరబడి, “అక్షరాలు కత్తిరించవలసి వస్తుంది” అని మాత్రమే అనేది. ముప్ఫై గళ్ళున్న పట్టికలోకి వెయ్యి వరసలు ఒక్కసారి పంపితే, ఏ గడిలో, ఏ మాట? చెప్పదు. “పెట్టెలో ఒక చీర పట్టలేదు” అని చెప్పి పెట్టె మూసేసినట్టు! అనుభవజ్ఞులు కూడా జుట్టు పీక్కునేవారు. వాడేవాళ్ళు మొత్తుకోగా మొత్తుకోగా, 2019 వెర్షన్‌లో దాన్ని మార్చారు. ఇప్పుడు ఏ పట్టికో, ఏ కాలమ్మో, పట్టని మాట ఏదో మూడూ చెబుతుంది. చూశారా, మా అత్తగారి పద్ధతిలోకి వచ్చింది!

పోస్ట్‌గ్రెస్ అని ఇంకో డేటాబేస్ ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాన్ని తయారుచేసేవాళ్ళు, మెసేజ్‌లు ఎలా రాయాలో ఒక నియమావళి రాసుకుని అందరికీ తెలిసేలా పెట్టారు. అది చదివి, మన పత్రికల్లో రాసేవాళ్ళకి కూడా ఇలాంటిదొకటి ఉంటే బాగుండుననుకున్నాను. ప్రతి మెసేజ్‌నీ మూడు భాగాలు చేసుకోమన్నారు. మొదట ఏం జరిగిందో పొట్టిగా ఒక వాక్యం. తర్వాత కావాలంటే వివరం. ఆ తర్వాత వేరుగా సూచన. ‘ఇల్లీగల్’ అనకండి, చట్టాన్ని ఉల్లంఘిస్తేనే ఆ మాట అన్నారు. ‘చెయ్యలేకపోయాను’ అనడానికీ ‘చెయ్యలేను’ అనడానికీ తేడా పాటించమన్నారు. మొదటిదంటే ఈసారి కుదరలేదు, మళ్ళీ ప్రయత్నిస్తే కుదరొచ్చు. రెండోదంటే ఎన్నిసార్లడిగినా ఇంతే. ఒక్క క్రియారూపంలో ఎంత ఊరట ఉందో, ఎంత ఖండితం ఉందో చూడండి! ఇది వ్యాకరణం కాదు, మర్యాద.

2016లో వచ్చిన దాని వెర్షన్‌నుంచి ఇంకో ముచ్చట ఉంది. కాలమ్ పేరులో అక్షరం తప్పు రాస్తే, “అలాంటి కాలమ్ లేదు” అని ఊరుకోకుండా, “బహుశా మీరు ఫలానా కాలమ్ అనుకున్నారేమో” అని దగ్గర పేరు చూపిస్తుంది. ఆ “బహుశా” అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అంత జ్ఞాపకశక్తి ఉన్న యంత్రం, మీ మనసులో ఉన్నది నాకు పూర్తిగా తెలియదని ఒప్పుకుంటోంది. మన విమర్శకుల్లో ఎందరికుంది ఆ “బహుశా”?

ఇదంతా చెబితే మా మేనల్లుడు ఫోన్లో నవ్వాడు. “అత్తా, నీ సుభద్రత్తలాంటి వాళ్ళే కాదు, మాలాంటి వాళ్ళూ ఆ మెసేజ్‌లు చదవాలి. రోజుకి వందలు చూస్తాం. ప్రతిదానికీ పేరంటం పిలిచినట్టు అంత పొడుగ్గా చెబితే చదవలేం” అన్నాడు. న్యాయమే. అందుకే ఆ నియమావళిలో మూడు భాగాలు. తెలిసినవాళ్ళు మొదటి వాక్యం చూసి పోతారు, తెలియనివాళ్ళు మూడోదాకా చదువుకుంటారు. ఇద్దరికీ ఒకే విస్తట్లో వడ్డించవచ్చు.

“కొన్నిచోట్ల కావాలనే చెప్పం” అని కూడా అన్నాడు. అదీ నిజమే. ఒరాకిల్ అనే డేటాబేస్‌లో ఒక పట్టిక లేకపోయినా, ఉండీ మీకు చూసే అధికారం లేకపోయినా, ఒకటే మాట: “ఆ పట్టిక లేదు.” అక్కడేముందో దొంగకి ఆనవాలు తెలియకూడదు కదా. వీధి తలుపు దగ్గర అపరిచితుడు “అయ్యగారున్నారా?” అంటే, పిల్లలకి మనం ఏం చెప్పమని నేర్పుతాం? అలాంటిదే. ఆ జాగ్రత్తని నేను తప్పుపట్టను. కాని జాగ్రత్తకోసం దాచడం వేరు, బద్ధకంకోసం దాచడం వేరు. సుభద్ర మరిచిపోయిన కుండలీకరణంలో ఏ రహస్యముంది?

ఇక మీలో కొందరు అనొచ్చు, “ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చేసిందిగా, ఆ మెసేజ్ దాన్నడిగితే విడమర్చి చెబుతుందిగా” అని. చెబుతుంది. సుభద్ర కూడా అడుగుతోంది. చాలాసార్లు సరిగ్గానే చెబుతోంది, ఒక్కోసారి దాని మానాన అది ఊహించి చెబుతోంది. ఊహించక ఏం చేస్తుంది? లక్ష్మిని గుమాస్తా ఏమనుకున్నాడో గుమాస్తాకే తెలుసు. ఇంట్లో మనిషి అర్థమయ్యేలా మాట్లాడకపోతే, పక్కింటావిడ వచ్చి, “మీ ఆయన మనసులో ఉన్నది బహుశా ఇదేమోనమ్మా” అని చెప్పడం ఎంతకాలం బాగుంటుంది?

మరుసటి ఆదివారం సుభద్రని కూర్చోబెట్టి, నా సమీక్ష అంతా చదివి వినిపించాను. మొదట నమ్మలేదు. “కంప్యూటర్ తప్పెందుకు చెబుతుంది వదినా?” అంది.

“తప్పు చెప్పిందనలేదు. సరిగ్గా చెప్పలేదంటున్నాను. నువ్వు కామా మరిచిపోయిన మాట నిజమే. ఆ ముక్క నీకు తెలిసేలా చెప్పలేకపోవడం ఎవరి తప్పు?” అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, “పదహారేళ్ళుగా ఇంట్లో పాలు పొంగినా, కరెంటు పోయినా, అమ్మాయికి మార్కులు తగ్గినా నా తప్పే అనుకోవడం అలవాటైపోయింది వదినా. ఇది కూడా ఆ లెక్కలోనే వేసుకున్నాను” అంది.

అప్పుడర్థమైంది నాకు, ఆ నోటుబుక్కులో కుడివైపు గడి కంప్యూటర్ రాయించింది కాదని. అది మనందరికీ చిన్నప్పుడే రాసిపెట్టి ఉంది. అర్థంకాని ఒక్కో మెసేజూ వచ్చి దాని కింద సంతకం పెట్టించుకుపోతోంది, అంతే. ఇరవై రెండేళ్ళ కుర్రాడు అదే మెసేజ్ చూసి, “ఈ సిస్టమ్ దండగ” అని టీ తాగడానికి పోతాడు. నలభై ఏళ్ళ ఆడది చూసి, “నాకు బుర్ర లేదు” అని ఇంటికి పోతుంది. అందుకే ఈ వాక్యాలు మంచిగా రాయమని నేను అడిగేది. వాటివల్ల పోయేది గంటన్నర మాత్రమే అయితే నేనింత కాగితం ఖర్చుపెట్టేదాన్ని కాదు.

సుభద్ర కోర్సు మానలేదు. పరీక్ష పాసయింది. ఉద్యోగంకోసం తిరుగుతోంది, ఇంకా దొరకలేదు. గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. కాని నోటుబుక్కు కుడివైపు గడికి పైన శీర్షిక మార్చింది. ఇప్పుడక్కడ, “అది ఏమనుకుంది?” అని ఉంది. యాభై మూడో మెసేజ్‌కి ఎదురుగా తన చేత్తో, “నేను అడిగింది సరే. దానికి అర్థమయ్యేలా అడగలేదు. అది చెప్పిందీ నాకు అర్థమయ్యేలా చెప్పలేదు. ఇద్దరిదీ చెరిసగం” అని రాసుకుంది. ఇంత సమతూకంగా రాసిన విమర్శ ఈమధ్య నేను ఎక్కడా చదవలేదు.

నిన్న రాత్రి మావారు పులుసన్నం కలుపుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసి, “ఏదో తేడాగా ఉంది” అన్నారు.

“ఏ కాలమ్‌లో?” అన్నాను.

తెల్లబోయి చూశారు. మళ్ళీ ఒక ముద్ద తిన్నారు. ఈసారి కళ్ళు తెరుచుకునే. కాసేపు ఆలోచించి, “బహుశా... ఇంగువ వెయ్యలేదేమో?” అన్నారు.

నిజమే, వెయ్యలేదు. ఇరవై రెండేళ్ళకి మా ఇంట్లో కొత్త వెర్షన్ వచ్చింది.